మూడోసారి

"తాళాలివ్వమ్మా. మూడు దాటింది."

"దాటితే?"

ముందుగదిలో తల్లీ కూతుళ్లు. కిటికీ పక్కన చక్రాల కుర్చీలో తండ్రి.

"నాలుగింటికి కాలేజీ ఆఫీసు మూసేస్తారు. ఒరిజినల్ డిగ్రీ పట్టా చూపించకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఈరోజే ఆఖరు. తెలిసే కదా బీరువాకి తాళం వేశావు?"

"తెలిసే వేశాను. డిగ్రీలో జియాలజీ అని నువ్వు చదివింది రాళ్లు. మూడేళ్లు సంచీల్లో రాళ్లు మోసుకొచ్చి ఇల్లంతా పేర్చావు. కాళ్లకు తగిలి రక్తం వచ్చినా నోరెత్తలేదు నేను. పోనీలే, సిమెంటు కంపెనీ ల్యాబులో కుదురుకుంది అనుకున్నా. ఇప్పుడది మానేసి ఆసుపత్రిలో జనానికి మాటలు నేర్పుతావా? ఇరవై ఆరేళ్లకు మళ్లీ ఫస్టియరా?"

"వేరే డిగ్రీ వాళ్లను కూడా తీసుకుంటారు. ముందొక ఏడాది గొంతు, చెవి, నరాలు, అన్నీ మొదటినుంచి చెబుతారు. ఆ తర్వాత రెండేళ్లు కోర్సు. నాలుగుసార్లు చెప్పాను నీకు."

"నాలుగుసార్లు చెప్తే రాళ్లు నరాలైపోతాయా?"

"ఎనిమిది నెలలమ్మా. నాన్నకు పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు. ఎనిమిది నెలలుగా ఒకే ఒక్క మాట. అది వినీ వినీ..."

"ఆయన్ని మధ్యలోకి లాగకు. పక్కనే ఉన్నారు. వింటారు."

"వింటారని ఇప్పుడు గుర్తొచ్చిందా? పొద్దున డాక్టరుగారితో ఆయన ముందే అన్నావుగా, ఈయనకేం తెలీదండీ అని."

"నోర్ముయ్. ముప్పై ఏళ్ల కాపురం. ఆయన కనుబొమ్మ కదిలితే చాలు నాకు. ఏమండీ, మీ కూతురు ఉద్యోగం మానేస్తుందట. మళ్లీ చదువుతుందట. చెప్పండి."

"వద్దు."

"విన్నావా?"

"కాఫీ ఇచ్చినా వద్దంటారు. అంటూనే గ్లాసు ఖాళీ చేస్తారు."

"కాఫీ వేరు, ఇది వేరు."

"ఎలా వేరు?"

"వేరంటే వేరు."

"మార్కెట్ యార్డులో పాతికేళ్లు వేలంపాట పాడిన మనిషి. మైకు లేకుండా నాలుగు వీధులకు వినపడేది. అలాంటి మనిషికి మాటలు నేర్పడానికి ఆసుపత్రి నుంచి ఒకావిడ ఇంటికొస్తే, రెండో వారమే పంపించేశావు."

"నేనా? నేను పంపానా? ఆయనే వద్దన్నారు. నువ్వు డ్యూటీలో ఉన్నావు, నీకేం తెలుసు? గంటైపోయి ఆవిడ సంచి సర్దుకుని లేస్తుంటే, చెయ్యి పట్టుకుని మరీ అన్నారు. మూడుసార్లు. ఆయన పాటలో మూడోసారి అంటే ఖాయమైపోయినట్టే. ఇంక మాట మారదు."

"నీకు బాగానే ఉంది కదా ఇలా."

"ఏమన్నావ్?"

"ఏం లేదు."

"లేదేంటి, అను. మొదలుపెట్టావుగా."

"ఆయన ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో, నేనేం చదవాలో, అన్నీ ఆయనే అన్నట్టు నువ్వే చెబుతావు. ఆయనకు మాటొస్తుందేమోనని నీకు భయం."

"భయమా? ఒళ్లు తుడిచేది నేను. నోట్లో ముద్ద పెట్టేది నేను. నువ్వు సాయంత్రం వచ్చి సిమెంటు దుమ్ము దులుపుకుని నాకు భయాలు అంటగడతావా? సరే. ఇవిగో తాళాలు. ఆయన ఒళ్లో పెడుతున్నా. ఆయన ఇస్తే పట్టుకుపో. ఇవ్వకపోతే నోరు మూసుకుని రేపు డ్యూటీకి పో."

"ఇదేం న్యాయమమ్మా? ఎడమ చెయ్యొక్కటే..."

"ఆ చేత్తోనే. ఏమండీ, ఇప్పుడే తేల్చేయండి. ఇది వెళ్లాలా, వద్దా?"

"వద్దు."

"ఒకటోసారి."

"ఆటలాడకు అమ్మా."

"వద్దు."

"రెండోసారి. బాగా విను."

"నాన్నా, మెల్లగా. తాళాలు జారుతున్నాయి. ఎందుకు నాన్నా అంత కష్టపడి చెయ్యెత్తడం? ఉండు, ఉండు, పట్టుకున్నా."

"వద్దు."

"చూడమ్మా. నాకే ఇచ్చారు. ఇచ్చి నా చెయ్యి వదలట్లేదు. అమ్మా? మూడోసారి అనవేం?"

"ఆ రోజు వెళ్లబోతున్న ఆవిడ చెయ్యి కూడా ఇలాగే పట్టుకున్నారే."