పెన్సిల్ సెల్లు మీద బతికిన పేర్లు

— తాతా, అల్మారల ఉన్న ఆ పాత కంప్యూటర్ తీస్కపోయి గుడి కమిటీ నోరు మూయించిన్రట గదా. నేను హైదరాబాద్‌ల ఉన్నప్పటి ముచ్చట, నాకు సక్కగ ఎవ్వలు చెప్పలే. రికార్డు పెట్టిన, చెప్పు.

పెట్టినవా? ఎర్ర సుక్క వచ్చిందా? ఆ, సరే. నోరు మూయించుడేంది బిడ్డా, నేను గట్టిగ ఒక్క మాట సుత అనలే. అన్న, ఒక్కటన్న. అది తర్వాత చెప్త.

ముందుగాల మా అమ్మ కాడికెల్లి చెప్తెనే నీకు సమజయితది. మా అమ్మ రైసుమిల్లుల కూలి చేసేది. నేను టెలిఫోన్ల నౌకరీల కొత్తగ చేరిన్నో లేదో, ఆమె సచ్చిపోయింది. రాయి పెట్టే తాకతు లేకుండె, కట్టె సిలువ పాతినం. మన చర్చి సమాధుల తోటల ఆ కుడిమూల లేదా, గోడ పక్కపొంటి? ఆడ అందరు గసొంటోల్లే, ఊర్లల్లకెల్లి కూలికొచ్చి ఈడనే పోయినోల్లు. కట్టె సిలువ ఎన్నొద్దులుంటది చెప్పు. చెదలు పడ్తది, వానకు ఒరుగుతది, పోతది.

సమాధుల పండుగకు సున్నమేసుడు, బంతిపూలు పెట్టుడు, కొవ్వొత్తులు ముట్టిచ్చుడు నీకెరికే గదా. ఒక ఏడు నేను, మీ నానమ్మ పోతె మూడు మట్టికుప్పలున్నయి, ఒక్కదానికి సుత సిలువ లేదు. ఇదే మా అమ్మది అని ఒకదానికి సున్నమేసినం. మూడేండ్లు గట్లనే ఏసినం. నాలుగో ఏడు, గుంతలు తవ్వే ముసలాయన బీడి తాక్కుంట వచ్చిండు. "ఏం జోసెపూ, మీ అమ్మ అండ్ల లేదు గదా, ఇటుదిక్కు మూడో జాగ. నేనే తవ్విన" అన్నడు.

మూడేండ్లు ఎవలికో ఏడ్సిన బిడ్డా. ఎవలికో ఏడ్సుడు తప్పని గాదు. గని మా అమ్మ గంత దగ్గర్నే ఉండి, ఒక్క కొవ్వొత్తి లేకుంట ఉన్నది గదా మూడేండ్లు. సిగ్గయింది నాకు. ఇప్పటికీ ఐతది.

మీ నానమ్మ ఏడ్వలే. అగో, వంటింట్ల ఉన్నది, అడుగు. ఇంకోల్లకు గిట్ల కావద్దు, అన్ని రాద్దాం అన్నది. ఆమె అప్పుడు మిషన్ దవాఖాన్ల టైపిస్టు. ఆడ ఒక తెల్ల సిస్టరమ్మ ఉండె, వాల్ల దేశం మల్లిపోంగ తన కంప్యూటర్ మీ నానమ్మకిచ్చి పోయింది. అదే ఇది. అప్పట్ల దీన్ని సంకల పెట్టుకొని పోతాంటె మన మట్టెవాడ గల్లీలల్ల జనం ఆగి సూసేది. గింత పలక, మీద ఎనిమిది లైన్ల తెర, కింద మీటలు. నాలుగు పెన్సిల్ సెల్లు ఏస్తె సాలు, కరెంటే వద్దు. సెల్లు ఎంతుండె అప్పుడు... రెండు రూపాలో, రెండున్నరో.

ముసలాయన పేర్లు చెప్పెటోడు, నేను టేపు పట్టి గోడకెల్లి ఎన్ని గజాలో కొలిచెటోన్ని, మీ నానమ్మ నిలవడే కొట్టేది. తెలుగు రాదు దానికి, ఇంగిలీసు అక్షరాలల్ల తెలుగు కొట్టింది. ఎనిమిది ఆదివారాలు పట్టింది. గాదు గాదు, తొమ్మిది. ఒకసారి వానొచ్చి మల్లొచ్చినం. మూడువందల పన్నెండు మంది.

దవాఖాన్ల ప్రింటు తీసి గుడికిచ్చినం. గుడి బీర్వల పెట్టిన్రు, పాత సమాధుల బుక్కు సుత అండ్లనే. మొన్న పెద్దవాన పడ్డప్పుడు నీల్లచ్చి రెండు ముద్దయినయి. గప్పుడు లేసిండు మన కమిటీ సెక్రెటరీ సారు. "కుడిమూలంత ఖాళీ జాగనే గదా, చదును చేసి కార్లకు షెడ్ ఏద్దాం" అన్నడు మీటింగుల.

"అది ఖాళీ జాగ గాదు సారూ, మా అమ్మ ఉన్నది" అన్న.

"ఏడున్నది, సూపెట్టు."

సూపెట్టలేకపోయిన. నడిమిట్ల రెండుసార్లు మట్టి పోసిన్రు, ముసలాయన పోయిండు, మల్లొకసారి తప్పు జాగ సూపెడ్తనేమో అని భయమయింది. రాసి తెస్తనంటె, "నువ్వు ఇయ్యాల రాసుకొచ్చింది మేము నమ్మాల్నా తాతా" అన్నడు. అందరు నవ్విన్రు. నవ్వితె నవ్వుండ్రి అనుకున్న.

ఇంట్ల ఈ కంప్యూటర్ల పేర్లున్నయి గదా మరి. సెల్లు అయిపోతె అండ్లున్నయన్ని పోతయని సిస్టరమ్మ చెప్పి పోయింది. అందుకని మొదటి ఆదివారం గుడికెల్లి రాంగనే సెల్లు మార్సుడు. ఇన్నేండ్లల్ల ఒక్క నెల తప్పలే. మీ నాయన సుత నవ్వెటోడు. గని తెర కరాబయింది, నల్లగ మసక అల్లుకున్నది, ఒక్క అక్షరం కనవడది. హన్మకొండల దుకాన్ల సూపెడ్తె, "మ్యూజియంల పెట్టుకో తాతా, దీనికి యూఎస్‌బీ లేదు" అన్నడు. ఎనక ఉన్న ఎడల్పు పోర్టు సూపెట్టి, దీనికి వైరియ్యి అన్న. దులిపి దులిపి ఒకటిచ్చిండు, లాప్‌టాప్‌కు తగిలిచ్చే చిన్న డబ్బి సుత ఇచ్చిండు.

మీ అమ్మ లాప్‌టాప్‌ల ఏదో ప్రోగ్రామ్ పెట్టింది. తెర కనవడది గదా, మీ నానమ్మ కండ్లు మూసుకొని కొట్టింది. ఏ మీట తర్వాత ఏ మీటనో ఆమె ఏల్లకు యాదికున్నయి. నన్ను అడుగకు, నాకిప్పటికీ ఎర్కలేదు. గని ఏం రాలే. రొండొద్దులు ఏం రాలే. మీ అమ్మ సుత, పోనియ్యి మామయ్యా అన్నది.

నేను ముప్పయేండ్లు తీగలు కలిపినోన్ని బిడ్డా. పోనియ్యమంటె పోనిస్తనా? వైరు కొసలిప్పి సూసిన. ఇటు చెప్పే తీగ, అటు సుత చెప్పే తీగకే ఉన్నది. ఇద్దరు మాట్లాడుతాన్రు, ఇనెటోడు లేడు, మన కమిటీ లెక్క. కోసి మార్చి కట్టిన. ఇటు చెప్పేది అటు ఇనేదానికి, అటు చెప్పేది ఇటు ఇనేదానికి. గప్పుడు వచ్చినయి గని, అన్ని పిచ్చిగీతలు. ఇది నిమ్మళంగ చెప్తాంది, లాప్‌టాప్ జల్దీ ఇంటాంది. మీ అమ్మ దాని స్పీడు తగ్గిచ్చింది. తగ్గిచ్చంగనే మొదటి పేరు పడ్డది. అది సూసి బంద్ చెయ్యమన్న. మిగిలింది ఈడ వద్దు, వాల్ల ముంగట్నే రావాలె అన్న.

తీస్కపోయినం. కమిటీ అంత కూసున్నది, ఫాదరు సుత ఉన్నడు. గోడ మీద పెద్దగ సూపెట్టింది మీ అమ్మ. మీ నానమ్మ కొట్టింది. ఒక్కొక్క అక్షరం, మనిషి నడిసొచ్చినట్టు వస్తాంది. వరుస, గజాలు, పేరు, ఊరు. సెక్రెటరీ సారు ఫోన్ సూస్కుంట కూసున్నోడు ఫోన్ కింద పెట్టిండు. మా అమ్మ పేరొచ్చింది. గోడకెల్లి నాలుగు గజాలు. నేను లేసి నిలవడ్డ.

దాని కింద ఇంకో లైను వచ్చింది. అది కొట్టినట్టు అప్పటిదాంక నాకు సుత తెల్వదు. "పేరు తెల్వదు, ఊరు తెల్వదు. మూడేండ్లు మా కొవ్వొత్తులు ఈమెకే. అత్తకూ ఈమెకూ నడుమ రెండు జాగలు. నాకు, జోసెపుకు."

గప్పుడన్న నేను ఆ ఒక్క మాట. "సారూ, ఖాళీగున్నయి ఆ రెండు జాగలే. అవి సుత మావి."

షెడ్ ముచ్చట మల్ల ఎవ్వలెత్తలే. ఫాదరు ప్రింటు తీపిచ్చి, వరుసకొక రాయి పాతిపిచ్చిండు. మొన్న పండుగకు నేను రెండు కొవ్వొత్తులు ముట్టిచ్చిన. మా అమ్మకొకటి, ఆ పేరు తెల్వనామెకొకటి. ఈసారి తప్పిపోయి గాదు, కావాలనే పెట్టినం.

ఇప్పుడు పేర్లు కాగితాల మీదున్నయి, లాప్‌టాప్‌లున్నయి, అయినా సెల్లు మారుస్తనే ఉన్న. ఎందుకంటె నాకిష్టం. దీన్ని పారేయమన్నోల్లందరికి సూపెట్టాలె గదా. మేం పోయినంక నువ్వు మార్చు బిడ్డా, మొదటి ఆదివారం, గుడికెల్లి రాంగనే. నూరేండ్లు సల్లగుండు, మంచి నౌకరీ చెయ్యి, పెద్ద కారు కొనుక్కో... గని ఆ మూలకు మాత్రం పెట్టకు. ఆడ మేముంటం.