మా మండలం పరిధిలోకి రాని తుపాను

నగరేశ్వరరావు గారికి ఆ రోజు రెండు పనులున్నాయి. నాలుగింటి ఆఖరి బస్సెక్కి నరసన్నపేటలో ఉన్న భార్య ఝాన్సీలక్ష్మి దగ్గరికి చేరుకోవడం ఒకటి. ఎక్కేలోగా గవ్వలపేట తుపాను కమిటీకి పెద్దగా ఊరివాళ్ళ చేత తన పేరు చెప్పించుకోవడం ఇంకొకటి. ఊళ్ళో ఉండనివాడు ఊరికి పెద్దెలా అవుతాడన్న అనుమానం ఆయనకి రాలేదు. రెవెన్యూలో ఉద్యోగమంతా అలాగే చేశాడు కాబట్టి రాదు కూడా.

రేపు సాయంత్రానికి తుపాను తీరం దాటుతుందని పొద్దుటే మైకులో చెప్పారు. పడవలన్నీ ఒడ్డు మీదికి లాగేశారు. పంచాయతీ సెక్రటరీ వచ్చి తుపాను షెల్టరు తాళం చెవి నగరేశ్వరరావు గారి చేతిలో పెట్టి, "మీరు ఆఫీసరుగా చేసినవారు కదండీ, ఊళ్ళో వాళ్ళు ఎవర్ని పెద్దగా అనుకుంటే వాళ్ళకి ఇచ్చెయ్యండి" అని మోటార్ సైకిలెక్కి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ ఆయన చొక్కా జేబు తడుముకుంటూనే ఉన్నాడు.

చేసింది డిప్యూటీ తాసీల్దారు ఉద్యోగమే గానీ ఆ డిప్యూటీ అన్న ముక్క ఆయన నోట రాదు. రిటైరయ్యాక నరసన్నపేటలో ఆయన మాటలు వినే మనిషి కరువైపోయి, సముద్రపు గాలి ఒంటికి మంచిదన్న వంకతో ఈ పేటలో మేడ మీద గది అద్దెకి తీసుకున్నాడు. ఆయన బాధల్లా ఒక్కటే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన గుమ్మంలో అడుగు పెడితే చాలు, కుర్చీలన్నీ కిర్రుమనేవి. రిటైరైన మర్నాటి నుంచి ఆయన్ని చూసి లేచినవాడు లేడు. చివరికి బావమరిది కూడా కూర్చునే "రండి బావా" అంటున్నాడు. ఆ పెద్దరికం ఆయనకి అందుకే కావాలి.

కూర్మమ్మ టీకొట్టు దగ్గర బల్లల మీద పేట మగాళ్ళందరూ ఉన్నారు. ముందు బల్ల మీద ఎల్లాజీ, పేటలో అందరికన్నా పెద్ద పడవ అతనిదే. పక్కన నేల మీద దానమ్మ ఎండుచేపలు గోనెలోకి సర్దుతోంది. ఆమె కోడలు నీలవేణికి నెలలు నిండాయి. ఇంటి కప్పు తాటాకు. ఈ గాలి ముదరకముందే ఆ పిల్లని షెల్టర్లో ఒక మూల పడుకోబెట్టాలన్నదే దానమ్మ దిగులంతా. అందుకే చేతులు చేపల మీదున్నా చూపంతా ఆయన జేబు మీదే ఉంది.

నగరేశ్వరరావు గారు టీ గ్లాసు అందుకుని గొంతు సవరించుకున్నాడు.

"లీడరంటే ఏటనుకున్నార్రా? కేకలేసీవోడనుకున్నారా? కాదు. ఆ పెద్ద తుపానప్పుడు మీ పేటకి ఆఫీసర్ని నేనే కదా, నోరెత్తినానేటి? ఇలగ సెయ్యి ఊపినాను, అంతే. పేటంతా వరస కట్టీసి షెల్టర్లోకి ఎల్లిపోనాది. అదీ మొదటి పాఠం."

"ఏ సెయ్యి బాబూ?" అన్నాడు ఎల్లాజీ.

"కుడిసెయ్యిరా. ఎడం సేతిలో గొడుగు లేదేటి? ఆఫీసు గొడుగు. అందర్నీ లోపలెట్టి తాళమేసీసినాను, గాలికి తలుపులు కొట్టుకోకండా. సెవి ఈ జేబులో ఎట్టినాను. తుపానెల్లిపోయీదాక ఆ సెవి నా జేబులోంచి కదిల్తే ఒట్టు! బాధ్యతంటే అదీ. రెండో పాఠం రాసుకోండి."

దానమ్మ తలెత్తింది. "కదల్లేదా బాబూ?"

"ఇసుమంత కూడా."

"మంచిది" అని దానమ్మ మళ్ళీ చేపలు సర్దుకుంది.

మెచ్చుకుందనుకున్నాడాయన. హుషారు పుట్టింది.

"మీరందరూ లోపల, నేనొక్కణ్ణీ బయట. అప్పుడొచ్చిందిరా కెరటం, తాడిసెట్టంత. ఎనకాల ఇంకోటి, దానెనకాల ఇంకోటి, ఒకదాన్నొకటి తోసుకుంటన్నాయి. నాకు వొళ్ళు మండిపోనాది. ఏటిది, రేషను షాపనుకున్నారా, వరసలో రండి అన్నాను. ఆ తర్వాత ఏటైనాదో తెలుసా? వరసలో వచ్చినాయి! ఒకటి నా కాళ్ళ దగ్గర ఇరిగి ఎనక్కెల్లేక రెండోది. కెరటాలు ఒకదాని తర్వాత ఒకటి రావడం అప్పట్నుంచే."

"అంతకు ముందు అన్నీ ఒక్కపాలే వచ్చీవేటి?" అంది కూర్మమ్మ పాలు కలుపుతూ.

"అంతకు ముందు నువ్వు సూసినావేటి? వినవే. కెరటాలయిపోనాయి, ఇక తుపానే వచ్చీసింది. పేటంత మనిషి... మనిషి కాదులే. నేను అడుగు ఎనక్కెయ్యలేదు. నీది ఏ మండలం అన్నాను. ఎక్కడ పుట్టినావన్నాను. అండమాను దిక్కంది. అక్కణ్ణుంచి ఇక్కడికి రావడానికి నీకు పర్మిషనెవరిచ్చినారు, మా మండలం పరిధిలో నీకేటి పనన్నాను. నోరు పడిపోనాది దానికి. గాలి లేదు, వాన లేదు, అలగే గుడ్లప్పగించి నిల్చుండిపోనాది. తుపాను కన్నూ, తుపాను కన్నూ అని టీవీలో సెప్తారు సూడండి, అది ఇదే. నన్ను సూసిన కన్ను."

ఎల్లాజీ గ్లాసు కింద పెట్టాడు. "మరేటి సేసినావు బాబూ?"

"ఏటి సేస్తాను, మనది కాని పనిని తీసుకెళ్ళి ఆ పని ఎవరిదో వాళ్ళకి అప్పగించాలి. రెండో పాఠం."

"రెండో పాఠం ఇందాక అయిపోనాది కదా?"

"ఇది పెద్ద రెండోది. పద, పాతపట్నం కాడ ఒడిశా బోర్డరు దాకా దిగబెడతాను అన్నాను దాంతోటి. నేను ముందు, తుపాను ఎనకాల. కాదు, ఎనకాల కాదు, నా సుట్టూ. మజ్జిలో నేను, నెత్తి మీద ఎండ. గొడుగు మూసీసి కర్రలాగ పట్టుకున్నాను. సుట్టూరా గేదెలు ఎగిరిపోతన్నాయి. ఒక్కో గేదెనీ పిలిసి, ఎవరింటి దానివే, ఇంటికెల్లు అని దించినాను. ఇలగ నడుస్తా నడుస్తా పొందూరు దాటినాం."

"పాతపట్నం ఎల్లడానికి పొందూరు దారి కాదు గదా బాబూ? అది ఇటేపు" అన్నాడు ఎల్లాజీ.

"తుపానుకి దారి తెలుస్తాదేటిరా? నేను మాటల్లో పడి సూసుకోలేదు. ఒకందుకు మంచిదే అయినాది. పొందూర్లో రాట్నాల మీద నూలంతా గాలికి లేసిపోయి నా సుట్టూ తిరగడం మొదలెట్టినాది. తిరిగి తిరిగి పాతపట్నం వచ్చీసరికి పంచె అయిపోనాది. ఇదిగో, ఈ పంచే."

అందరూ పంచె వంక చూశారు. ఒకడు ముట్టుకుని చూశాడు.

"అంచు కూడా గాలే నేసినాదా?"

"అంచు నేను దగ్గరుండి సెప్పి నేయించినాను. లీడరు దగ్గరుండకపోతే ఏ పనీ అవ్వదు" అన్నాడు నగరేశ్వరరావు గారు. పాఠం ఎన్నోదో చెప్పలేదు.

జేబులో ఫోను మోగింది. ఝాన్సీలక్ష్మి. ఆయన కట్ చేశాడు. మళ్ళీ మోగింది, మళ్ళీ కట్ చేశాడు. రోడ్డు మలుపులో బస్సు హారను వినిపించింది. ఆయన మాటల వేగం పెరిగింది.

"పాతపట్నం బోర్డర్లో ఒడిశా ఆఫీసరున్నాడు. మాకొద్దు బాబో అన్నాడు. ఒడియాలోనే నచ్చజెప్పినాను. ఛార్జి అప్పగించీసి నేనొచ్చీస్తంటే, ఏటి సెప్పమంటారు, తుపాను నా పంచె పట్టుకు వదల్దు! ఇంతమందాఫీసర్లని సూసినాను గానీ నాతో ఇంత మర్యాదగా మాటాడినోళ్ళు నేరు బాబూ అని ఒకటే ఏడుపు. ఆ తర్వాత ఒడిశాలో కుండపోతగా కురిసిందే, గుర్తుందా? అది వాననుకున్నార్రా? కాదు."

ఒకడు కళ్ళు తుడుచుకున్నాడు, పొగాకు ఘాటుకే కావచ్చు. నగరేశ్వరరావు గారు అదే సమయమనుకున్నాడు.

"కాబట్టి నా మాటేటంటే, ఈ తుపాను కమిటీకి అనుబవమున్నోడు పెద్దగా ఉండాల. ఎవరైతే బాగుంటాదో మీరే సెప్పండి."

దానమ్మ గోనె మూతి బిగించి కట్టి, లేచి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"నువ్వే ఉండు బాబూ. నువ్వు సెప్పిన దాంట్లో నిజం కూడా ఉన్నాది."

"ఉన్నాది మరి!"

"సెవి నీ జేబులోంచి కదల్లేదన్నావు సూడు, అదొక్కటీ నిజం. పొద్దు కుంకీదాక షెల్టరు మెట్ల మీద తడిసినోళ్ళం మేం కాదేటి? మా అత్త సలికి కొయ్యబారిపోతంటే మా ఎల్లాజీ పడవ లంగరు తెచ్చి తాళం బద్దలుగొట్టినాడు."

"రెండు దెబ్బలకే ఊడిపోనాదిలే" అన్నాడు ఎల్లాజీ, అదేదో తాళానిదే తప్పన్నట్టు. "మర్నాడొచ్చి గవర్నమెంటు తాళం ఎవడ్రా పగలగొట్టినాడని నన్ను తిట్టినావు కూడాను. మరిసిపోనావు కావాల."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయనకి బాగుండేది, ఏదో ఒకటి అనేసేవాడు. ఆ రోజు తను నరసన్నపేటలో బావమరిది కిరాణా కొట్టు మీది గదిలో కూర్చుని, వేడి వేడి పకోడీలు తింటూ టీవీలో ఈ పేట పేరు వచ్చినప్పుడల్లా "అది నా పేటే" అని అందరికీ చూపించడం ఆయనకి గుర్తొచ్చింది. చెవి అప్పుడు కూడా జేబులోనే ఉంది. సిగ్గేసింది.

"అది కాదే దానమ్మా, ఆ రోజు రోడ్డు..."

"పోనీ బాబూ. అయిపోనాది ఇప్పుడెందుకు? పెద్దరికం నీదే, పేరు నీదే ఉండనీ, మాకేటి అబ్బెంతరం నేదు. బస్సొచ్చీసినాది, అమ్మగారు ఎదురు సూస్తంటారు, బేగి ఎల్లు." దానమ్మ చెయ్యి చాపింది. "ఆ సెవి మాత్రం ఇలగ ఎట్టు. మా కోడలు నొప్పులతోటి మెట్ల మీద నీలగలేదు."

ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది. కాసేపు అక్కడే ఉంది. బస్సు ఇంకోసారి హారను కొట్టింది. చెవి తీసి దానమ్మ అరచేతిలో పెట్టి, గొడుగు తీసుకుని లేచాడు.

ఆయన లేచేసరికి బల్లల మీదున్న వాళ్ళందరూ ఒక్కసారిగా లేచారు. బల్లలన్నీ కిర్రుమన్నాయి. ఎన్నాళ్ళకి విన్నాడో ఆ చప్పుడు! నగరేశ్వరరావు గారి గుండె నిండిపోయింది. కూర్చోండి కూర్చోండి అనడానికి కుడిచెయ్యి ఎత్తాడు కూడా.

వాళ్ళు ఆయన పక్కనుంచి తప్పుకుని, దానమ్మ వెనకాల షెల్టరు వైపు నడిచారు. ఎల్లాజీ పేట వైపు తిరిగి నీలవేణికి చాప తెమ్మని కేకేశాడు.

కూర్మమ్మ పొయ్యిలో నీళ్ళు చల్లి, గ్లాసులు బుట్టలోకి ఏరుకుంటోంది.

"సెయ్యి దించీ బాబూ" అంది. "బస్సోడు తనకే ఊపుతన్నావనుకుని ఆగున్నాడు."