నడుమంటే ఎక్కడండీ? డాక్టర్ సఫియా గారి టేపు

1992 ఆగస్టు పదిహేడవ తేదీన, ఏలూరులో దర్జీగా పేరుపొందిన అబ్దుల్ హమీద్ గారి కుమార్తె డాక్టర్ సఫియా గారు మన ఆసుపత్రి కీళ్ళ వైద్య విభాగంలో బాధ్యతలు స్వీకరించినప్పుడు, చేతిసంచిలో స్టెతస్కోపుతోపాటు తండ్రిగారి కొలతల టేపును కూడా తెచ్చుకున్నారు. కీళ్ళ డాక్టరుకు టేపుతో పనేమిటో మాకెవరికీ బోధపడలేదు. ల్యాబులో ఉన్న నేనైతే, ఈవిడ రోగులకు జాకెట్లు కూడా కుడతారేమోనని హాస్యమాడాను.

పిమ్మట తాడేపల్లిగూడెం శాఖలో సేవలందించిన సంవత్సరాలలో వారిని ఒకే సందేహం వెంటాడింది. "లావుగా ఉన్నవారి బరువు మోకాళ్ళు మోస్తాయి, సరేనండీ. చేతివేళ్ళు ఏం మోశాయని వాస్తున్నాయి?" అని భోజనాల దగ్గర కూడా అడిగేవారు. పొట్టలోని కొవ్వు ఊరికే కూర్చోదనీ, కీళ్ళ వాపును ఎగదోసే పదార్థాలను రక్తంలోకి వదులుతుందనీ వైద్యశాస్త్రం క్రమంగా తేల్చుతూ వచ్చేసరికి, ప్రతి రోగికీ బరువుతోపాటు నడుము చుట్టుకొలత తీయవలసిందేనని మా ప్రాణాలు తోడేశారు.

అనంతరం కొల్లేరు పరిసర గ్రామాల శిబిరాలకు సారథ్యం వహించిన కాలంలో ఒక చిక్కు వచ్చిపడింది. మగవారి నడుము కొలతలన్నీ ముచ్చటగా ఉన్నాయి, కీళ్ళు మాత్రం మూలుగుతున్నాయి. కొలతలు దండగ, మానేద్దామన్నంతవరకూ మాట వచ్చింది. అదే సమయంలో దెందులూరు వరిరైతు వెంకట్రాజు గారు వచ్చారు. కాళ్ళూ చేతులూ సన్నం, ముందు బానపొట్ట, కొలత మాత్రం బుద్ధిగా ఉంది.

"మీకు టేపు ఎక్కడ పెట్టారండీ?" అని సఫియా గారు అడిగారు.

"పంచె కట్టు మీదేనండీ. నడుం అక్కడే గదండీ?"

"మరి పంచె పొట్ట కింద కట్టారేమండీ?"

"పైన కడితే నిలవదండీ, జారిపోద్ది!"

శిబిరమంతా ఘొల్లుమంది. సఫియా గారికి మాత్రం కళ్ళు మెరిశాయి. "మా నాన్నగారు ప్యాంటు కుట్టేముందు బొడ్డు పైనా, కిందా అని అడిగేవారు. మనం అడగడం మరిచాం" అంటూ కడపటి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్య టేపు చుట్టారు. కొలత బెత్తెడు పెరిగింది! అందరినీ అలాగే తిరిగి కొలిచాక, పొట్ట పెరిగినవారిలోనే కీళ్ళ బాధలు ఎక్కువగా కనబడ్డాయి. "సంబంధం ఉందనే చెబుతున్నానండీ, పొట్ట ఉన్నవారందరికీ వస్తుందని కాదు" అని ఆవిడ మమ్మల్ని హెచ్చరించేవారు కూడా.

ఇంతమంది నడుములు కొలిచినవారు తమ నడుము జోలికి మాత్రం పోలేదు. మోకాళ్ళు వంగక, రెండేళ్ళుగా గదిలో కుర్చీమీదే నమాజు చేసుకుంటుంటే నాకు బాధా కలిగింది, కోపమూ వచ్చింది. "దీపం కింద చీకటంటే మీదేనండీ" అని ఆమధ్య అనేశాను. వారు టేపు తీసి నా చేతికిచ్చారు.

"చీర కట్టు మీద కాదండోయ్!" అన్నారు.

కొలత చూసి చీటీ మీద రాసుకున్నారు. ఆ తరువాత, "రిటైరయ్యాక నాకు ఒక్కటే కోరికండీ. మళ్ళీ నుదురు నేలకు ఆన్చి నమాజు చేసుకోవాలి" అన్నారు. మర్నాటి నుంచి మోకాళ్ళ వ్యాయామాలు, సాయంత్రం కాలువగట్టు నడక, తోడు నేను. ఇప్పుడు కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకోవడం లేదు.

వీడ్కోలు కానుకగా మెత్తటి వాలుకుర్చీ ఇవ్వాలని మా ఉద్యోగుల సంఘం తీర్మానించగా, నేను పోట్లాడి మార్పించాను. సఫియా గారూ, భర్త ఖలీద్ గారితోను, కుమార్తె హుమాతోను మీరు ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలనీ, వంగి లేచేటప్పుడు ఎవరి చేయీ మీకు అక్కరలేకుండా ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాం. కానుక విప్పి చూసుకోండి. మన ఏలూరు తివాచీ, ఒక్కరు నమాజు చేసుకునేంతది. కుర్చీమీద వేసుకునేరు, నేలమీద పరచుకోవాలండీ!

– దేవకుమారి, ల్యాబ్ విభాగం