చెరి ఇరవై బల్బులు

శంషాబాద్ పక్కనూరు, వినాయక చవితి పొద్దు. వేరుపడ్డ అన్నదమ్ములు గోవర్ధన్, మధు గల్లీకి అటొకటి ఇటొకటి మండపాలు లేపిన్రు. ఇద్దరికీ ఒక్క గణపతి సాలలేదు మరి! బళ్ళె సైన్సు చెప్పే అక్క మనీషా పండుగకు వచ్చి, ముందుగాల గోవర్ధన్ ఇంట్ల చాయ్ తాగి గల్లీ దాటంగనే, చిన్నోడు మధు పట్టుకున్నడు.

"మోసమే అక్కా! మీ అన్న నాకు సచ్చిన సగం అంటగట్టిండు."

"మీ అన్న ఏందిరా, నీకు కాడా? ముందు ఏమైందో సక్కగ చెప్పు."

"బాపు చేతులతోని కట్టిన సీరియల్ సెట్టు లేదా, నలభై బల్బులది? పంచుకున్నం, చెరి ఇరవై. నిన్న మాపు నా ఇరవై ప్లగ్గుల పెట్టిన్నో లేదో, తళుక్కుమని మెరిసి ఆరిపోయింది."

"అయితే నిజంగనే సెట్టును నడిమిట్ల కోసిన్రా?"

"కోసినం. పొలం పంచినం, పెరడు పంచినం, నీళ్ళ గోలెం గూడ పంచినం. గిదొక్కటి ఎందుకు ఇడుస్తం? పెద్దమనుషుల ముంగటనే కత్తెర వేసినం."

"మీ తెలివి తెల్లారినట్టే ఉన్నది! బజార్ల కొత్తది కొనుక్కోరాదు?"

"బాపుది ఉండంగ బజార్ది కడ్తనా? మాపటికి బడంగ్‌పేట్ నుంచి అత్తగారోళ్ళు వస్తున్నరు. మండపం చీకట్ల ఉంటే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"జర ఇను. ఒక్కో బల్బు కరెంటుకు యాభై ఓంలు అడ్డం పడ్తది. పుస్తకంల దాన్నే నిరోధం అంటరు. వరుసగ కడితే అడ్డాలన్ని కలుస్తయ్. నలభై బల్బులకు ఎంత?"

"నన్ను పదో తరగతిల కూసోబెట్టినవా? రెండు వేలు."

"ఇరవైకి?"

"వెయ్యి. మంచిదే గద, అడ్డం తగ్గింది!"

"అడ్డం తగ్గితే కరెంటు ఊకుంటదా? రెండు వందల ముప్ఫై వోల్టులను రెండు వేలతోని భాగించు. పాయింటు ఒకటి ఒకటి ఐదు ఆంపియర్లు. బల్బు గంతనే ఓర్సుకుంటది. అదే వెయ్యితోని అయితే..."

"ఏందీ? విమానం మోతల ఇనబడలే. ఎయిర్‌పోర్టు వచ్చి మూడేండ్లయింది, ఇంకా చెవులు అలవాటు పడ్తలేవు."

"రెండింతలు వస్తది అంటున్న! తట్టుకోలేక ఒక్క బల్బు మాడింది, దారి తెగింది, మిగిలినయి బతికినయి. మోసం లేదు, మన్ను లేదు."

"అంటే అన్న ఇరవై గూడ..."

"గట్లనే ఆరిపోయినయి."

"అబ్బ! ఇప్పుడు కడుపు సల్లబడ్డది అక్కా."

"సిగ్గు లేదురా! రెండు ముక్కలు కలిపితెనే రెండు మండపాలకు వెలుగు. మాడిన బల్బులు రెండు మార్చి, తీగ గల్లీ మీదికెళ్ళి తెచ్చి కలుపుత. మాపటి వరకు అయిపోతది."

"వాని కొసకు నా కొసనా? సచ్చినా కలపను."

"బాపు పోయినంక మీరిద్దరు మంచిగ ఒక్క మాట మాట్లాడుకోలే తమ్మీ. నాకు ఏడుపొస్తున్నది. గీ ఒక్క పండుగకు నా మాట ఇనరాదు?"

"నువ్వు ఏడ్వకు, నీకు దండం పెడ్త. అయినా... అన్న ఒప్పుకోవాలె గద?"

"ఒప్పుకున్నడు. పొద్దుగాలనే."

"అన్ననా? ఒట్టు?"

"గణపతి మీద ఒట్టు."

"ఊఁ. అక్కా, ఒక్క మాట అడుగుత. అంత ఒకటే తీగ గద?"

"ఒకటే."

"నా దిక్కు ఒక్క బల్బు పీకితే?"

"దారి తెగుతది. అన్నీ ఆరిపోతయ్."

"అన్న మండపంల గూడ?"

"అన్న మండపంల గూడ."

"భజన మంచి జోరు మీద ఉన్నప్పుడు గూడ?"

"ఎప్పుడైనా అంతే. ఎందుకురా?"

"ఊకనే. కలుపు అక్కా, ఇప్పుడే కలుపు! టేపు తేవాల్నా, కత్తెర తేవాల్నా? గట్ల చూస్తవేంది?"

"ఏం లేదు తమ్మీ. అన్న గూడ అచ్చం గిదే అడిగి ఒప్పుకున్నడు."