తాతయ్య ప్యాంటు పిగిలిన రోజు

ఏంటీ, రేపట్నుంచి నిన్నూ ఆ మనోవైద్యం బండిలోనే వేశారా? బాగుంది. మీ తాతయ్య ఉంటే నిన్ను చూసి మురిసిపోయేవాడని అందరూ అంటారు గానీ, నాకు తెలిసి ముందు నీ ప్యాంటు చూసేవాడు. నవ్వకు. ఆ దుప్పటి అటు చివర పట్టుకో, మడతపెడుతూ చెప్తా. అప్పట్లో ఆ బండి కొత్త. మనసు చెదిరిన మనిషి ఎక్కడైనా గొడవపడుతున్నాడంటే పోలీసులు వాళ్ళంతట వాళ్ళే మీద పడకూడదు, ఆస్పత్రి నర్సమ్మా, లాఠీ లేని ఒక కానిస్టేబులూ ముందు వెళ్ళాలి. ఎందుకు పెట్టారంటే, అంతకు ముందు ఒక తాపీమేస్త్రి గది తలుపు బద్దలుకొట్టి లోపలికి ఉరికారు మీ పోలీసువాళ్ళు. ఆయన కిటికీలోంచి దూకేశాడు. బతకలేదు. తలుపుకి మాత్రం కొత్త గడియ వేయించారు. సరే, లాఠీ లేకుండా వెళ్ళేదెవరు? స్టేషన్లో ఒక్క కానిస్టేబులూ చెయ్యెత్తలేదు. మీ తాతయ్య ఆ రోజు సెలవులో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి పేరు రాసేశారు.

ఆ నర్సమ్మకి ఒకటే పట్టుదల. వెళ్ళినచోట ఎవరూ నిలబడకూడదు, నేలమీద కూర్చోవాలి. ఈయనేమో, "యూనిఫాంలో ఉన్నాను మేడమ్" అనేవాడు. "యూనిఫాంకి మోకాళ్ళు లేవా నాయనా? నిలబడ్డ పోలీసుని చూస్తే ఏ తప్పూ చెయ్యని నాకే పరిగెత్తాలనిపిస్తుంది" అనేదావిడ. అయినా ఈయన గోడకి ఆనుకునేవాడే గానీ కూర్చునేవాడు కాదు. మర్యాద అనుకునేదావిడ. మర్యాదా పాడా! ప్యాంటు బిగుతు. పొట్ట వచ్చిందని ఒప్పుకోవడానికి మనసొప్పక పాత కొలతే ఇచ్చాడు. నేను చెప్పాను, "ఏమండీ, ఊపిరి పీల్చుకోవడానికైనా చోటుంచండి" అని. వింటేగా.

ఇంతలో బజారులో టైలరు. ఎన్నాళ్ళనుంచో నిద్ర లేదు పాపం, తన మిషను ఎత్తుకుపోవడానికి ఎవరో వస్తున్నారని ఒకటే భయం. ఆ పొద్దున బట్టలు తీసుకోవడానికి వచ్చినాయన మీదికి పెద్ద కత్తెర ఝళిపిస్తే చొక్కా చెయ్యి తెగింది. చెయ్యి అంటే చొక్కాదేలే. షట్టరు మూరెడు వదిలి కిందికి దించేసుకున్నాడు. వాళ్ళక్క బయట, "మా తమ్ముడు మంచివాడండీ" అని వచ్చేపోయేవాళ్ళకీ, ఆగున్న సైకిళ్ళకీ చెప్తోంది. ఇన్‌స్పెక్టరు టీ గ్లాసు పట్టుకుని, "ఇది తాగడం అయ్యేదాకా చూస్తా. తర్వాత షట్టరు లేపి లాగేస్తాం" అన్నాడు. ఆ మేస్త్రి తలుపు బద్దలుకొట్టించింది ఈ ఇన్‌స్పెక్టరే. అదృష్టం, టీ బాగా వేడిగా ఉంది.

నర్సమ్మ షట్టరు ముందు చతికిలబడి పలకరిస్తోంది. లోపల్నుంచి కత్తెర టకటకమంటోంది. ఆవిడ వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది. మీ తాతయ్య టీ గ్లాసు వంక చూశాడు, సగమైంది. టోపీ తీశాడు. కూర్చున్నాడు. పర్రున పిగిలింది! బజారంతా వినపడింది. కత్తెర ఆగిపోయింది. లోపల్నుంచి గొంతు, "ఎవరి కుట్టు అది?"

"డిపార్టుమెంటువాళ్ళది" అన్నాడీయన.

"వెనక ఒంటి కుట్టు వేశాడా?"

"ఏమో బాబూ, వెనక నాకు కనపడదుగా."

"విప్పివ్వండి."

"బజార్లోనా?"

"లోపలికి రండి మరి."

అంతవరకు బాగానే ఉంది. ఈయన షట్టరు వంక చూశాడట, కింద సందులో కనపడుతున్న కత్తెర మొన వంక చూశాడట, "నువ్వది పట్టుకునుంటే నేనెలా విప్పనయ్యా? నాకు భయంగా ఉంది" అన్నాడు. అందరి ముందే. పోలీసు. వెనకాల ఇంకో కానిస్టేబులు కిసుక్కున నవ్వితే నర్సమ్మ చూసిన చూపుకి వాడి నోరు మూతపడింది.  లోపల్నుంచి టైలరు, "నాకూ భయంగానే ఉంది" అని, షట్టరు కిందనుంచి కత్తెర బయటికి తోశాడు.

మీ తాతయ్య ఎవరిదో లంగా గుడ్డ చుట్టుకుని లోపల కూర్చున్నాడు. జంట కుట్టు వేశాడు ఆ టైలరు పిల్లాడు. ఇన్‌స్పెక్టరు రెండో టీ తెప్పించుకున్నాడు. కుట్టడం అయ్యాక, "ఇక కాసేపు పడుకుందువుగాని రా, మీ అక్క కూడా వస్తుంది" అంది నర్సమ్మ. తనే నడిచొచ్చి బండెక్కాడు. మందులు పడ్డాక మనిషయ్యాడు, మధ్యలో ఒకట్రెండుసార్లు మళ్ళీ తిరగబెట్టింది, మళ్ళీ నర్సమ్మ వెళ్ళి వాళ్ళ అరుగుమీద కూర్చుంది. ఇవన్నీ ఆవిడే చెప్పింది నాకు. ఈయన ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఏమీ జరగనట్టు గోడకి వీపు పెట్టి నడుస్తున్నాడు. ఖాకీ ప్యాంటుకి ఎర్ర దారం! తర్వాత ఆయన యూనిఫాంలన్నీ ఆ టైలరే కుట్టాడు. వెనక గుడ్డ దండిగా వదిలేవాడు. "కూర్చునే ఉద్యోగం కదా సార్" అనేవాడు.

మీ తాతయ్య పోయిన రోజు ఇల్లంతా జనం. అందరూ నిలబడే ఓదార్చారు నన్ను, మెడ నొప్పెట్టింది తలెత్తి చూసీ చూసీ. ఆ టైలరొచ్చాడు. జుట్టంతా తెల్లబడింది. నా ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.  తర్వాత, "ఎర్ర దారంది ఉందా అమ్మా ఇంకా?" అన్నాడు. ఉందన్నాను. అప్పటిదాకా రాని ఏడుపు...

ఆ దుప్పటి అక్కడ పడెయ్యి. నీ యూనిఫాం ఎవరు కుట్టారు? వేసుకురా ఒకసారి. వేసుకొచ్చి ఇదిగో, ఇక్కడ నేలమీద కూర్చో. పర్రుమంటుందేమో నేను వింటాను.