మొలవని కాగితాలు

హలో… ఆ, నేనేలే. చెప్పక్కా.

… ఖాళీగా ఏం లేను. మిక్సీ కడుగుతున్నా. … ఆ, అదే మిక్సీ. కాగితాలు రుబ్బి రుబ్బి బ్లేడు అరిగిపోయింది. ఇప్పుడు ఏం వేసినా గుయ్యిమంటుందే తప్ప నలగదు.

… పిన్ని నీకూ చేసిందా? నాకు పొద్దున్నే చేసింది. "మీరిచ్చిన కాగితం కుండీలో మట్టి కింద పెట్టాను, రోజూ నీళ్లు చల్లాను, నాని నాని మళ్లీ గుజ్జయింది గానీ ఒక్క మొలకా రాలేదే" అంది. … కోపంగా కాదు, జాలిగా అంది. దానికే నాకు ఒళ్లు మండింది.

… పిన్ని ఒక్కతే అయితే పోనీ అనుకునేదాన్ని. అమ్మ దగ్గర బట్టలు కుట్టించుకున్నవాళ్లు, మా పక్క వాటావాళ్లు, మీ వీధి చివర మందుల షాపాయన… అందరిదీ అదే మాట. విత్తనాల కాగితం అన్నారు, విత్తనాలేవీ అని.

… ఏంటీ? నా చెయ్యి మంచిది కాదేమోనా?

… నవ్వుతూ అన్నా అన్నట్టే కదక్కా. నా చెయ్యి ఎలాంటిదో నాకు తెలుసులే.

… అది కాదు. అమ్మ పోయి ఏడాదైన రోజున అందరికీ అవి పంచుతూ, మైకు పట్టుకుని "అక్కచెల్లెళ్లం ఇద్దరం కూర్చుని చేశాం" అన్నావు. మొలవకపోయేసరికి "మా చెల్లెలు చేసింది" అయిపోయిందా? … పిన్నే చెప్పింది. … నువ్వు ఆ గుజ్జులో వేలైనా పెట్టావా? చేతులు పాడవుతాయని గుమ్మం దగ్గరే నిలబడ్డావు.

… దెప్పట్లేదు. ఉన్నమాట చెప్తున్నా.

… సరే, ఎక్కడ తప్పు జరిగిందో చూద్దాం అంటున్నావుగా. చూద్దాం. అమ్మ కొలతలు గీసి కత్తిరించుకున్న కాగితాలన్నీ తీశా. మెడలవి, చేతులవి, నడుములవి. చింపడానికి మనసు రాక ఒక పూట అలా పట్టుకుని కూర్చున్నా. తర్వాత నానబెట్టా, రుబ్బా. గింజలు నలిగిపోతాయని మిక్సీలో వెయ్యలేదు, గుజ్జులో చేత్తోనే కలిపా. జల్లెడ మీద పల్చగా పరిచి, పాత గుడ్డతో అద్ది, ఫ్యాన్ కింద ఆరబెట్టా. ఎండ తగిలితే ఏమవుతుందోనని కిటికీ పరదాలు కూడా వేసేశా.

… గింజలు పాతవా? అక్కా! అమ్మ ఆఖరి కాపు అవి. ఆవిడ బంతి. ముదురెరుపు రెక్క, అంచున సన్నగా పసుపు గీత. ఏటా అలాంటి పువ్వే వెతికి వెతికి గింజ తీసేది. ఏ నర్సరీలో దొరుకుతుందది?

… ఆ, అన్నీ కలిపేశా. … ఎందుకు దాచుకోవాలి? కుట్టిన బట్టలు తీసుకోడానికి వచ్చినవాళ్లకల్లా చిటికెడు గింజలు పొట్లం కట్టిచ్చేది కదా అమ్మ. ఇంతమంది ఇళ్లల్లో పూస్తే మనకి గింజలకి కరువా అనుకున్నా.

… వాళ్లనీ అడిగా. ఎవరూ గింజ తీసి దాచలేదు. ఏటా అమ్మ ఇస్తుందిగా అనుకున్నారు.

… ఒక్కటి అడుగుతా, చెప్పు. నేనిచ్చిన కాగితాల కట్ట పంచేముందు వారంపాటు మీ ఇంట్లో ఉంది. నేనిచ్చినప్పుడు వంకరటింకరగా, గరుకుగా ఉన్నాయి. ఆ రోజు అందరి చేతుల్లోనూ పుస్తకం అట్టల్లా నున్నగా ఉన్నాయి. ఎలా?

… ఊఁ.

… ఊఁ… ఏం చేశావు?

… మళ్లీ చెప్పు.

… ఇస్త్రీ.

… అన్నీనా? … ఒక్కొక్కటీ. రెండు వైపులా. … ఎంత వేడి మీద? … కాటన్ బట్టల వేడి. నీళ్లు చిలకరించి మరీ. … బావ కూడా సాయం పట్టారా? బాగుంది. ఇంటిల్లిపాదీ కష్టపడ్డారన్నమాట.

… గింజలక్కా అవి! ప్రాణమున్న గింజలు! వేయించి పంచిపెట్టావు అందరికీ!

… చెప్పలేదా నేను? కట్ట చేతిలో పెడుతూ చెప్పా, వేడి తగలనివ్వకు అని. నువ్వు కుర్చీలవాళ్లతో ఫోన్లో ఉన్నావు. "సరే సరే" అని తల ఊపావు.

… అవును, అమ్మ కూడా ప్రతి కుట్టూ ఇస్త్రీ చేసేది. బట్టని చేసింది. గింజని కాదు.

… నలుగురిలో పరువు పోతుందనా? ఎవరి పరువు? అమ్మదా, నీదా? … ఆవిడ బతికున్నప్పుడూ అంతేగా. మీ ఇంటికి ఎవరొస్తున్నారన్నా ముందు ఆవిడ కుట్టుమిషన్ని లోపలి గదిలోకి నెట్టించేదానివి. ఆవిడ కూడా దానితోపాటే వెళ్లి కూర్చునేది.

…

… ఏడవకు. … ఏడవకక్కా, మాట అర్థం కావట్లేదు నాకు.

… కావాలని చేశావని ఎవరన్నారు? కావాలని చేసుంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. బాగుండాలని చేశావు చూడు, దానికేం అనాలో తెలియక చస్తున్నా.

… ఏంటి? … ఏమైనా మిగిలిందా అంటే…

… లేదు.

… ఒక్క గింజ కూడా లేదక్కా. … నిజంగానే. నీ దగ్గర దాస్తానా?

… ఆదివారమా? … రా. రావడానికి నన్నడగాలా? … బావని కూడా తీసుకురా. … ముఖం కడుక్కో ముందు. … ఆ, ఉంటా. ఉంటా మరి.

…

ఏవండీ… ఆ, పెట్టేసింది. ఒక పని చేసిపెట్టండి. వంటింటి కిటికీలో బంతి కుండీ ఉందిగా, దాన్ని పై వాటావాళ్ల దగ్గర పెట్టి రండి. … ఆ, జల్లెడకి అంటుకుపోయిన గుజ్జులోంచి వచ్చిందే. జాగ్రత్త, మొగ్గ తొడిగింది.

… తెలుసండీ. అక్కకీ అమ్మే.

… చెప్పబుద్ధి కాలేదు. అంతే. పట్టుకెళ్లండి.