టీ కణాల బడి

ఆపరేషన్‌కు ఒప్పుకోలు కాగితం మంచం మీద ఉంది. కుడి కనురెప్ప వాలిపోయిన తాతకు, డాక్టరు చదువుతున్న మనవరాలు నచ్చజెబుతోంది.

"జన్మలో టీ ముట్టనివాణ్ణి. నాలో టీ కణాలేమిటే?"

"తాగే టీ కాదు తాతయ్యా. రొమ్ము ఎముక వెనక థైమస్ అని ఓ గ్రంథి ఉంది. జబ్బులతో పోరాడే కణాలకు అది బడి. దాని ఇంగ్లీషు పేరులో మొదటి అక్షరమే టీ."

"పరీక్షలుంటాయా?"

"రెండు. మన ఒంటి గుర్తులు చదవలేనివీ, మన ఒంటి మీదకే ఎగబడేవీ అక్కడే చస్తాయి. నూటికి అయిదు కూడా గట్టెక్కవు."

"మూడో తరగతి మూడేళ్ళు చదివాను. అక్కడైతే నా పని సరి. మరి నా రెప్ప?"

"నీ బడిలో గడ్డ లేచింది. మన మీదకు ఎగబడేవాటినీ పాస్ చేసి పంపుతోంది. వాటి వల్లే నీ రెప్ప వాలింది. అందుకే తీసేస్తామంటున్నారు."

"బడే తీసేస్తే రేపు జ్వరమొచ్చినప్పుడు నాకు దిక్కెవరు?"

"చిన్నప్పుడు పాసైనవి ఒంట్లో బోలెడున్నాయి. నీ వయసుకి బడి ఎలాగూ మూతపడినట్టే."

"తీసిన మర్నాడే రెప్ప లేస్తుందా?"

"లేవదు. దొంగతనంగా పాసైనవీ ఇంకా ఒంట్లో తిరుగుతున్నాయిగా. ఏడాది పట్టొచ్చు."

"మర్నాడే అనుంటే, నాకంటే పెద్ద కోతలు కోస్తున్నావనుకునేవాణ్ణి. సంతకం ఎక్కడో వేలు పెట్టి చూపించు. నాకు గీత రెండుగా కనిపిస్తోంది."